హెచ్1బీ మీద ఉండి సేజ్ ర్యాట్ల వేటకు వెళ్లొచ్చా? బర్న్స్‌లో నేను గడిపిన రోజు

మీరు అడిగింది ఇదీ: ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ దగ్గర హెచ్1బీ మీద పనిచేస్తున్నారు. మీ టీమ్‌లో ఒకాయన ఏప్రిల్‌లో ఒక శనివారం బర్న్స్ ఊరి వైపు సేజ్ ర్యాట్ల (పంట పాడుచేసే ఒక రకం నేల ఉడతల) వేటకూ, దానికి ముందు రైఫిల్‌తో గురి సాధనకూ రమ్మన్నారు. మీరు ఇంతవరకూ తుపాకి ముట్టుకోలేదు. వెళ్లొచ్చా, ఆ రోజు ఎలా ఉంటుంది అని. మూడేళ్ల కిందట నాదీ సరిగ్గా ఇదే పరిస్థితి. వెళ్లాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు లైసెన్సు సంగతి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. 1998 నుంచీ ఉంది. కొనడం ఒక్కటే తప్పు అనుకుంటారు చాలామంది. కాదు. స్నేహితుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నా, కాల్పులు సాధన చేసే రేంజ్‌లో గంట సేపు అద్దెకు తీసుకున్నా అదే లెక్క. దీనికి మినహాయింపులున్నాయి. వాటిలో మనబోటి వాళ్లకు పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. ఒరెగాన్ ఏడాది లైసెన్సు డిసెంబరు 31తో అయిపోతుంది, కాబట్టి నిరుటి లైసెన్సు ఈ ఏప్రిల్‌కి పనికిరాదు. మీ ఆఫీసాయనకు ఈ సంగతి తెలియకపోవచ్చు. ఆయన ఇక్కడే పుట్టిన మనిషి, ఆయనకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. జాగ్రత్త పడాల్సింది మీరే. నేను గురి సాధన మొదటి రోజుకంటే ముందే లైసెన్సు తీసుకున్నాను, వేట భద్రత క్లాసు కూడా చేశాను. మీ ఇమిగ్రేషన్ కేసులో ఏదైనా మెలిక ఉంటే లాయర్ని అడిగాకే కదలండి.

సేజ్ ర్యాట్ అంటారు గానీ అది ఎలుక కాదు, నేల ఉడత. పావుకిలో పైచిలుకు ఉంటుంది, బొరియ పక్కన వెనక కాళ్ల మీద మేకు దిగగొట్టినట్టు నిలబడుతుంది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు భూమిలోనే నిద్ర. చలికాలం చివర బయటికి వచ్చి, ఎండాకాలం నడిమికల్లా మళ్లీ లోపలికి పోతాయి. ఆ కాస్త కాలంలోనే ఒళ్లు పెంచుకోవాలి కాబట్టి లేత అల్ఫాల్ఫా మీద పడతాయి. మన వైపు పాడి రైతులు లూసర్న్ అంటారే, అదే గడ్డి. తినడం ఒక ఎత్తు, తవ్వి పోసే మట్టి ఇంకో ఎత్తు. కోత మిషను కత్తులు ఆ కుప్పల్లో దిగి మొద్దుబారిపోతాయని రైతు నాకు చేను చూపించి చెప్పాడు. చేను అంచున ఇరవై అడుగుల మేర పచ్చదనమే లేదు. మాది చిత్తూరు జిల్లా. చెనక్కాయ చేలో అడవిపందులు పడిన మర్నాటి పొద్దున ఎలా ఉంటుందో చిన్నప్పుడు చూసినవాణ్ణి, ఆ రైతు మొహం నాకు కొత్తగా అనిపించలేదు.

పోర్ట్‌లాండ్ నుంచి బర్న్స్‌కి దాదాపు 290 మైళ్లు. శుక్రవారం సాయంత్రమే వెళ్లి అక్కడ పడుకోవడం మేలు. నాలుగు వేల అడుగుల ఎత్తు, ఏప్రిల్‌లోనూ పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుని ఉంటుంది. ఎండ తగిలేదాకా ఉడతలు బయటికి రావు. అందుకే పొద్దున పూట గురి సాధనకు. నా లెక్కలో అసలు రోజు అంటే ఆ పొద్దుటి పూటే.

నన్ను రమ్మన్న ఆఫీసు స్నేహితుడు నాకిచ్చింది .22 రైఫిల్, చిన్న తూటాలు వేసేది. 50 గజాల దూరంలో అట్టముక్కకు కాగితం అంటించి, వెనక మట్టికట్ట ఉండేలా చూసుకుని, బల్ల మీద ఇసుక సంచి వేసి దానిపై తుపాకి ఆనించాం. మొదటి ఐదు తూటాలూ చెల్లాచెదరుగా పడ్డాయి. ఆయన తూటాలు తీసేయించి, ఛాంబర్లో, అంటే తూటా కూర్చునే చోట, కాల్చేసిన తూటా ఖాళీ తొడుగు పెట్టి ట్రిగ్గర్ నొక్కమన్నాడు. శబ్దం రాబోతోందని నా భుజం ముందే బిగుసుకుంటోంది, దాంతో తుపాకి గొట్టం మూతి కిందికి వంగుతోంది. నాకే కనబడింది. అలా ఖాళీగా ముప్పైసార్లు నొక్కించాడు. గాలి పీల్చి, సగం వదిలి, ఆ ఆగిన క్షణంలో వేలి కొసతో మెల్లగా లాగడం. ఎప్పుడు పేలిందో మనకే ముందు తెలియకూడదు. ఆ తర్వాత వేసిన ఐదూ రూపాయి బిళ్ళంత చోట పడ్డాయి, కాకపోతే గురికి అంగుళం కింద.

ఇక్కడ కొత్తవాళ్లు తడబడతారు. స్కోప్ (తుపాకి మీద గురి చూసే దుర్బిణి) మర మీద ఒక్కో క్లిక్కుకు పావు అంగుళం అని రాసి ఉంటుంది. అది వంద గజాల దగ్గర. 50 గజాల్లో అదే క్లిక్కు అంగుళంలో ఎనిమిదో వంతే జరుపుతుంది. అంగుళం పైకి తేవాలంటే నాలుగు క్లిక్కులు చాలవు, ఎనిమిది తిప్పాలి. నేను నాలుగు తిప్పి, మళ్లీ కాల్చి, తుపాకిదే తప్పనుకున్నాను.

తర్వాత అదే గురితో వంద గజాల కాగితం మీద కాల్చమన్నాడు. తూటా ఆరంగుళాలు కింద పడింది. గాలి గంటకు పది మైళ్లు అడ్డంగా వీస్తే పక్కకు ఇంకో నాలుగంగుళాలు కొట్టుకుపోతుంది. ఉడతలో ప్రాణం ఉన్న చోటు రెండంగుళాలు కూడా ఉండదు. నా కాగితాలన్నీ వరసగా పరిచి, ప్రతిసారీ రెండంగుళాల లోపల ఏ దూరం వరకు వేయగలుగుతున్నానో చూశాం. 70 గజాలు తేలింది. “ఇవాళ నీ గీత అదే” అన్నాడాయన.

పదింటికి ఎండ వచ్చింది, ఉడతలూ వచ్చాయి. మాటిమాటికీ తుపాకి మూతి ఎటుందో చూసుకోవడం, కాల్చబోయేదాకా వేలు ట్రిగ్గర్‌కి బయటే ఉంచడం, ఉడత వెనక మట్టి ఉంటేనే కాల్చడం, ఇవి నోటితో ఒప్పుకుంటే చాలదు, చేతికి అలవాటు కావాలి. .22 చిన్న తూటాయే కదా అనుకోకండి, అది మైలు పైన పోగలదు. గట్టు నెత్తిన ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ ఉడతని ఎంత దగ్గరున్నా వదిలేయాలి. రాళ్లు, నీళ్ల పైపులు ఉన్న వైపు అసలు వద్దు, తూటా తగిలి ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం.

మధ్యాహ్నం దాకా గీత దాటలేదు. వేసినవన్నీ కదలకుండా పడ్డాయి. మూడింటికి గాలి లేచింది. ఉడతలు దగ్గర్లో తగ్గిపోయాయి. వంద గజాల పైన ఒకటి నిలబడి ఉంది. పొద్దుటి నుంచి బాగా తగులుతున్నాయి కదా అన్న ధీమాతో కాల్చాను. వెనక భాగంలో తగిలింది. నడుము ఈడ్చుకుంటూ బొరియలోకి పోయింది. ఇంకో తూటా వేసే వీలు లేదు. ఆయన నన్నేమీ అనలేదు. నేనే బోల్ట్ తెరిచి, తూటాలుండే మ్యాగజీన్ తీసి, తుపాకి బల్ల మీద పెట్టేశాను. ఆ ఈడ్పు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ఆ రాత్రి నాన్నకు ఫోన్లో చెప్పాను. “తినేదానికి కాకపోతే ఎందుకు చంపేదిరా?” అన్నాడు. పంట గురించి చెప్పాను. మంచె మీద కావిలి ఉండిన మనిషి, ఆ మాట అర్థమైంది ఆయనకు. “అట్లయితే ఒక్క దెబ్బతో పోవాల” అన్నాడు.

మేం తినలేదు గానీ తినేవాళ్లున్నారు. సాయంత్రం చేలో గద్దలు, కాకులు దిగాయి. వసంతంలో ఆ లోయ వలస పక్షులకు పెద్ద మజిలీ, 1908లో ఏర్పడిన మాల్హూర్ పక్షుల ఆశ్రయం దగ్గర్లోనే ఉంది. సీసం తూటా ఒంట్లో ముక్కలై మిగులుతుంది, ఆ మాంసం తిన్న గద్దకు సీసం విషం ఎక్కుతుంది. పక్క రాష్ట్రం కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. మీరు వెళ్లేది ఒరెగాన్‌లోనే అయినా రాగి తూటాలే అడగండి. ధర ఎక్కువే, .22లో దొరకడమూ తక్కువే. గురి వాటితోనే మళ్లీ సరిచూసుకోవాలి, వేరే తూటా వేరే చోట పడుతుంది. నేను రెండో ఏడాది నుంచి అవే వాడుతున్నాను.

చచ్చిన ఉడతని ఒట్టి చేత్తో పట్టుకోకండి, వాటి ఒంటి మీది ఫ్లీ అనే చిన్న పురుగుల వల్ల ప్లేగు సోకే అవకాశం ఉంది. చెవులకు లోపల దూది లాంటి ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ బట్టలు మార్చుకున్నాకే ఎత్తుకోండి. పేల్చినప్పుడు సీసం ధూళి చేతులకూ బట్టలకూ పడుతుంది.

వెళ్లమనే చెబుతాను. కానీ ఏప్రిల్‌కి ముందే మీ ఊరి రేంజ్‌లో, లైసెన్సు జేబులో పెట్టుకుని, రెండు శనివారాలు కాగితం మీద కాల్చండి. ఆ కాగితాలు పారేయకుండా బర్న్స్‌కి తీసుకెళ్లి, మీ ఆఫీసాయన ముందు పరిచి, మీ గీత ఎన్ని గజాల దగ్గరో ఆయన చేత చెప్పించుకోండి. గాలి లేచినా, మీకు ధీమా పెరిగినా, ఆ సంఖ్య మీకు గుర్తుచేయమని కూడా ముందే అడగండి. నేను అడగలేదు.