ఎడమ అద్దం మార్చబోతున్న మా అబ్బాయికి

చిన్నాకి బాబాయి ఆశీస్సులు.

నీళ్ల ట్యాంకర్ రాసుకుంటూ పోయి నీ కారు ఎడమవైపు అద్దం విరిగిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంతే చాలు. నువ్వు పంపిన ఫోటో చూశాను. గాజు పగలడమే కాదు, తలుపుకి పట్టి ఉండే మెడ కూడా చీలిపోయింది. టేపు చుట్టి నెట్టుకొస్తున్నానని రాశావు. ఆ టేపుతో మెయిన్ రోడ్డు ఎక్కొద్దు నాన్నా. ఈ ఆదివారమే మార్చెయ్. నీ చేతుల్తో చేసుకోగల పనే. మొదటిసారి కాబట్టి రెండు గంటలు పట్టినా టెన్షన్ పడకు.

గాజు ఒక్కటే పగిలి ఉంటే దాన్ని మాత్రమే కొని నొక్కి పెడితే సరిపోయేది. నీకు మొత్తం అద్దం కావాలి. షాపులో మిర్రర్ అసెంబ్లీ అని అడుగు. రాణిగంజ్ వెళ్లేటప్పుడు ఆర్‌సీ దగ్గర పెట్టుకో. మోడల్ పేరొక్కటే చెబితే చాలదు, ఏ సంవత్సరం బండి, ఏ వేరియంట్ అన్నది కూడా కావాలి. ఎడమ అంటే డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి ఎడమ. కారుకి ఎదురుగా నిలబడి చూసి తప్పుడుది కొనుక్కొచ్చినవాళ్లని చాలామందిని చూశాను. నీది స్విచ్‌తో తిరిగే అద్దం, దాని మీద ఇండికేటర్ కూడా ఉంది. కాబట్టి ప్లగ్గులో ఎన్ని పిన్నులున్నాయో చూసుకుని, కొత్తదానిలోనూ అన్నే ఉన్నాయా అని అక్కడే లెక్కపెట్టు. పాత అద్దం వెనక రంగు మూత బాగానే ఉన్నట్టుంది. దాన్ని జాగ్రత్తగా ఊడదీసి కొత్తదానికి పెట్టుకుంటే పెయింటు ఖర్చు ఉండదు.

ఒక్కమాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎవరైనా "ఎందుకన్నా అంత ఖర్చు, మామూలు అద్దం ముక్క కోసి అతికిస్తాను" అంటే వినొద్దు. నేను విన్నాను, అందుకే చెబుతున్నాను. నా పాత మారుతి 800కి ఎడమ అద్దమే లేదు. బయట ఒకటి కొని బిగించుకున్నాను. కొన్నాళ్లకి దాని గాజు పగిలితే, ఫోటోలకి గాజు కోసే షాపులో ముక్క కోయించి అతికించాను. బొమ్మ పెద్దగా, శుభ్రంగా కనిపించేసరికి ఇదే నయమనుకున్నాను. వారం తిరక్కుండానే బెంజ్ సర్కిల్ దగ్గర ఎడమకి తిప్పబోతుంటే, స్కూటర్ మీద ఒకావిడ, ముందు చిన్నపాప, సరిగ్గా నా కారు ఎడమ తలుపు పక్కనే ఉన్నారు. అద్దంలో చూస్తే ఎవరూ లేరు. ఆవిడ అరిచింది కాబట్టి బ్రేకు కొట్టాను. ఆ పాప నా వైపు చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు. ఇంటికి వచ్చి మొదట చేసిన పని ఆ ముక్క పీకి పారేయడం.

ఎడమవైపు గాజు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. అందుకే అందులో వస్తువులు చిన్నగా, ఉన్నదానికంటే దూరంగా కనపడతాయి. బదులుగా చాలా ఎక్కువ మేర కనపడుతుంది. చదును గాజులో బొమ్మ పెద్దది, కనపడే మేర తక్కువ. మన రోడ్ల మీద బైకులన్నీ ఎడమ సందులోంచే దూరుతాయి. ఆ సందు కనపడని అద్దం ఉన్నా లేనట్టే.

ఇక పని. తాళం తీసి జేబులో వేసుకో. బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి పక్కకి పెట్టు. తలుపు లోపలివైపు, ముందు మూలన మూడు కోణాల ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. స్క్రూడ్రైవర్ కొసకి గుడ్డ చుట్టి అంచు లేపి, తిప్పకుండా నీ వైపుకి తిన్నగా లాగు. వెనక చిన్న స్పీకర్ ఉంటే దాని వైరు తెగకుండా చూసుకో. నీలాంటి చిన్న కార్లలో ఎక్కువగా బిళ్ల కింద మూడు నట్లుంటాయి, 10 నంబరు టీ స్పానర్ పడుతుంది. ప్లగ్గు అక్కడే అందితే అదృష్టం. లేదంటే డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలివైపు అట్ట, ఊడదీయాలి. పిడి వెనక, చేయి ఆనించే చోట చిన్న మూతల కింద స్క్రూలు దాక్కుని ఉంటాయి. అవన్నీ తీశాక ప్యాడ్‌ని కింద నుంచి లాగి, తర్వాత పైకి ఎత్తాలి. క్లిప్పులు ఒకటి రెండు విరుగుతాయి, ముందే నాలుగు ఎక్కువ కొనిపెట్టుకో. వెనక అతికించిన ప్లాస్టిక్ షీటు చిరగనివ్వకు. అది మళ్లీ సరిగ్గా అతక్కపోతే వానాకాలంలో నీళ్లు కాళ్ల దగ్గరికి చేరతాయి.

నట్లు తీసేముందు వాటి కిందున్న సందులో పాత గుడ్డ కుక్కు. నట్టు తలుపు కడుపులోకి జారితే దాన్ని వెతకడానికి పట్టే టైములో రెండు అద్దాలు మార్చొచ్చు. చివరి నట్టు విప్పేటప్పుడు బయట అద్దాన్ని కోడలిని పట్టుకోమను. ప్లగ్గు ఊడదీసేటప్పుడు లాక్ నొక్కి ప్లగ్గునే లాగు, వైర్లని కాదు.

కొత్తది పెట్టాక ముందు ప్లగ్గు కలిపి, బ్యాటరీ వైరు పెట్టి, అద్దం నాలుగువైపులా తిరుగుతోందా, ఇండికేటర్ వెలుగుతోందా చూడు. ఆ తర్వాతే బిగింపు. మూడు నట్లూ చేత్తో ఎక్కించి, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా బిగించు. సన్న మరలు, బలం చూపిస్తే పోతాయి. అలాగని వదులుగానూ ఉంచకు. 1911లో అమెరికాలో ఇండియానాపోలిస్ 500 అనే కార్ల పందెం మొదటి రేసు గెలిచిన రే హారూన్ తన కారుకి వెనక చూసే అద్దం పెట్టుకున్నాడు. కానీ ఇటుకలు పరిచిన ఆ ట్రాకు మీద అది అదిరిపోయి ఏమీ కనపడలేదని ఆయనే తర్వాత చెప్పాడట. మా డిపో గ్యారేజీలో బస్సు అద్దం బిగించిన ప్రతి కుర్రాడికీ ఈ సంగతి చెప్పేవాణ్ణి. ఇంజిన్ ఆన్ చేసి, అద్దంలో వెనక బండి నంబరు చదవగలుగుతున్నావా చూడు. అక్షరాలు వణికితే మళ్లీ నట్ల దగ్గరికి వెళ్లు.

సర్దుకోవడం కూడా ముఖ్యం. అమెరికా ఇంజినీరు జార్జ్ ప్లాట్జర్ 1995లో చెప్పిన పద్ధతి నాకు నచ్చుతుంది. తల కుడి కిటికీకి ఆనించి, కారు వెనక పక్క అంచు మాత్రమే కనపడేలా కుడి అద్దం పెట్టుకోవాలి. తర్వాత తల కారు మధ్యకి వంచి ఎడమది అలాగే పెట్టాలి. అయితే మన ఊళ్లో బైకులు కారుని రాసుకుంటూ వస్తాయి కాబట్టి, తిన్నగా కూర్చున్నప్పుడు కూడా ఎడమ అద్దంలో వెనక తలుపు పిడి సన్నగా కనపడనివ్వు. ట్రాఫిక్‌లో తగులుతుందని అద్దం మడిచి నడిపే అలవాటు నీకుందని తెలుసు. అది ఈ ఆదివారంతో మానెయ్.

డోర్ ప్యాడ్ లాగేముందు వీడియో కాల్ చెయ్. ఉదయం తొమ్మిది దాటాక ఇంట్లోనే ఉంటాను. పాత అద్దం పారేయకు, దాని మోటారు పనికొస్తుంది, దసరాకి వచ్చేటప్పుడు తీసుకురా.

మీ బాబాయి