వెయ్యి మీటర్ల రైఫిల్: డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: లైసెన్సున్న ఆయుధాల కంపెనీలో మెకానికల్ డిజైనర్‌గా చేరారు. వెయ్యి మీటర్లు దాటినా గురి తప్పని కొత్త బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి షాట్‌కూ బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి ముందుకు తోసేది) తయారుచేయమన్నారు. స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం), యాక్షన్ (తూటాను లోపలికి తోసి బిగించే యంత్రాంగం) 3డి మోడళ్లు అప్పుడే గీస్తున్నారు. మొదటి నమూనా సగం ఎంఓఏ కొట్టాలని పైనుంచి టార్గెట్ కూడా వచ్చింది. దారి సరైనదేనా?

సూటిగా చెప్తే, కాదు. మేమూ ఇలాగే మొదలుపెట్టి దాదాపు ఏడాది పోగొట్టుకున్నాం. ఇలాంటి ప్రాజెక్టు ఒకదానిలో మూడేళ్లపాటు టెస్టింగ్ వైపు పనిచేశాను, కాబట్టి నా మాటల్లో టెస్టింగ్ వాళ్ల చాదస్తం కాస్త కనిపిస్తుంది. డిజైన్ వాళ్లు అడిగితే ఇంకోలా చెప్పొచ్చు.

ముందు ఆ సగం ఎంఓఏ సంగతి చూద్దాం. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. 100 మీటర్ల దూరంలో అది 2.9 సెంటీమీటర్లు, 1000 మీటర్లలో 29 సెంటీమీటర్లు. అంటే 100 మీటర్లలో కాల్చిన బుల్లెట్లన్నీ ఒకటిన్నర సెంటీమీటరులోపు పడితే సగం ఎంఓఏ రైఫిల్ అన్నమాట. అయితే ఎన్ని బుల్లెట్లు? మీ టార్గెట్‌లో ఆ అంకె ఉందా? లేకపోతే ఆ టార్గెట్‌కు అర్థమే లేదు.

మా మొదటి నమూనా మూడు షాట్లలో 9 మిల్లీమీటర్ల గ్రూప్ వేసింది, అంటే రంధ్రాలన్నీ అంత మేరలో పడ్డాయి. ఎంఓఏలో మూడో వంతు! ఆ కాగితం ఫొటో సాయంత్రానికల్లా పెద్దల ఫోన్లలో తిరిగింది. ఆ రోజు మొత్తం ఎనిమిది గ్రూపులు కాల్చామని, అందులో అన్నిటికన్నా చిన్నదాన్నే ఫొటో తీశామని ఎవరికీ గుర్తులేదు. వారం తర్వాత అదే రైఫిల్‌తో, అదే లాట్ (ఒకే విడతలో చేసిన) తూటాలతో పది షాట్లు కాల్చాం. గ్రూప్ 25 మిల్లీమీటర్లు వచ్చింది. ఇక చూడండి టెన్షన్. రైఫిల్‌లో ఏదో చెడిపోయిందని ఐదు నెలలు వెతికాం. బారెల్ బిగింపు మార్చాం, బెడ్డింగ్ (స్టాక్‌లో యాక్షన్ కూర్చునే తీరు) మార్చాం. ప్రతి మార్పు తర్వాత మూడేసి షాట్లు కాల్చి, బాగుంది, బాగోలేదు అని తేల్చేసేవాళ్లం. అసలు రైఫిల్‌లో ఏదీ చెడలేదు. అది మొదటి రోజు ఎలా ఉందో తర్వాతా అలాగే ఉంది. మా లెక్కే తప్పు.

దీని వెనక ఉన్నది మామూలు స్టాటిస్టిక్స్. రైఫిల్ చెదరుపాటుకు ఒక స్టాండర్డ్ డీవియేషన్ (షాట్లు మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే అంకె) ఉంటుంది. మూడు షాట్ల గ్రూపులో బాగా దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరం సగటున దానికి 2.4 రెట్లు. ఐదు షాట్లకు 3.1 రెట్లు, పదికి 3.8, ఇరవైకి 4.4. అంటే ఏ మార్పూ చేయని ఒకే రైఫిల్ పది షాట్లలో వేసే గ్రూప్, మూడు షాట్ల గ్రూప్ కన్నా సగటున అరవై శాతం పెద్దది. పైగా మూడు షాట్ల గ్రూపు సైజు విపరీతంగా ఊగుతుంది. ఇవాళ 9 మిల్లీమీటర్లు వేసింది రేపు 22 వేయొచ్చు. అలాంటి కొలబద్దతో బెడ్డింగ్ మార్పును అంచనా వేయడం పందెంలో పాచికలు వేయడం లాంటిదే.

తర్వాత మేం పెట్టుకున్న నియమం చిన్నదే. ఏ మార్పు చేసినా కనీసం ముప్ఫై షాట్లు కాల్చాలి. బాగా దూరంగా ఉన్న రెండు రంధ్రాలు కాదు, ప్రతి రంధ్రం కేంద్రం నుంచి ఎంత దూరంలో పడిందో కొలిచి సగటు తీయాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. దీనికి తూటాల ఖర్చు ఎక్కువ, మేనేజ్‌మెంట్ గొణుగుతుంది. గొణగనివ్వండి.

ఇప్పుడు మీ 3డి మోడల్ సంగతి. స్టాక్ గీయడం ఆపేయండి. రైఫిల్ డిజైన్ మొదలయ్యేది స్టాక్‌తో కాదు, బారెల్‌తోనూ కాదు, బుల్లెట్‌తో. తూటా మొత్తం కాదు, ముందు గాల్లో ఎగిరి వెళ్లే ఆ ముక్క. దాని పొడవు తేలితే బారెల్ లోపల గాడులు ఎంత వేగంగా మెలి తిరగాలో తేలుతుంది. పొడవాటి బుల్లెట్‌ను స్థిరంగా ఉంచాలంటే ఎక్కువగా తిప్పాలి. దీనికి 1879లో ఆల్‌ఫ్రెడ్ గ్రీన్‌హిల్ ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ తొలి అంచనాకు వాడుతున్నారు. ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బారెల్ నుంచి సెకనుకు 820 మీటర్ల వేగంతో బయటికొచ్చే బుల్లెట్ నిమిషానికి 2 లక్షల 40 వేల సార్లు తన చుట్టూ తాను తిరుగుతుంది. బుల్లెట్ జాకెట్ (పైనుండే లోహపు తొడుగు) ఒక పక్క వెంట్రుకవాసి మందంగా ఉన్నా ఆ వేగంలో ఏమవుతుందో ఊహించండి. అందుకే ఎంత మంచి రైఫిల్‌కైనా చవకరకం బుల్లెట్ పెడితే అది చవకరకం రైఫిలే.

బుల్లెట్ తేలితే వేగం, వేగం తేలితే కేసు (మందు నింపే ఇత్తడి గొట్టం) సైజు, దాన్నిబట్టి పీడనం, పీడనాన్నిబట్టి బోల్ట్, యాక్షన్, వెనక్కి తన్నే బలం, బరువు. అన్నీ గొలుసులాగా వస్తాయి. మీరు గొలుసును చివరి నుంచి పట్టుకున్నారు. ఈ వరస ఎంత ముఖ్యమో .338 లాపువా మాగ్నమ్ అనే తూటా చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1980ల్లో దానికోసం పాత .416 రిగ్బీ కేసును తీసుకుని మెడను సన్నం చేశారు. రిగ్బీ కేసు తక్కువ పీడనానికి పుట్టింది, కొత్త తూటా పీడనానికి దాని అడుగు భాగం తట్టుకోలేదు. చివరికి ఫిన్‌లాండ్ కంపెనీ లాపువా ఆ కేసు అడుగును మందం చేసి, గట్టిదనాన్ని మళ్లీ సరిచేస్తే గానీ తూటా నిలబడలేదు. మరోవైపు 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటాలో గొప్ప వేగమేమీ లేదు. పొడవాటి సన్నని బుల్లెట్‌కు మ్యాగజీన్‌లో చోటు ఉండేలా కేసును పొట్టిగా చేశారు, అంతే. ఆ చిన్న ఆలోచనే దూరం కాల్చేవాళ్లలో దాన్ని అంత వాడుకలోకి తెచ్చింది.

ఎంచుకునేటప్పుడు ఒకటి తప్పక చూడండి. బుల్లెట్ వేగం ధ్వని వేగం దగ్గరికి, అంటే సెకనుకు 340 మీటర్ల దరిదాపులకి, ఏ దూరంలో పడిపోతుందో. అక్కడ గాలి ఒత్తిడి బుల్లెట్ మీద పడే తీరు మారి కొన్ని బుల్లెట్లు ఊగడం మొదలుపెడతాయి. మామూలు 7.62 నాటో తూటాకు అది సుమారు 900 మీటర్ల దగ్గర వస్తుంది. మీ లక్ష్యమేమో వెయ్యి దాటి. ఈ ఒక్క లెక్క చాలు, కొన్ని తూటాలను ఇవాళే జాబితాలోంచి కొట్టేయొచ్చు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. సగం ఎంఓఏ కోసం ప్రాణం పెట్టకండి. 6.5 మిల్లీమీటర్ల 140 గ్రెయిన్ల (దాదాపు 9 గ్రాముల) బుల్లెట్‌ను ఉదాహరణగా తీసుకోండి. వెయ్యి మీటర్లకు చేరడానికి దానికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. పక్కగాలిని సెకనుకు ఒక్క మీటరు తప్పుగా అంచనా వేస్తే బుల్లెట్ దాదాపు అర మీటరు పక్కకు పడుతుంది. బయటికొచ్చే వేగం తూటా నుంచి తూటాకు సెకనుకు 10 మీటర్లు మారితే పైకీ కిందికీ పాతిక సెంటీమీటర్లు తేడా వస్తుంది. మీ రైఫిల్‌ను 0.8 ఎంఓఏ నుంచి 0.5కు తెస్తే అదే దూరంలో లాభం 9 సెంటీమీటర్లు. ఆ 9 సెంటీమీటర్ల కోసం మేం పెట్టిన డబ్బులో పదో వంతు తూటా వేగాన్ని స్థిరపరచడానికి పెట్టి ఉంటే బాగుండేది. మా మొదటి లాట్ తూటాల మందు చల్లటి పొద్దున ఒకలా, మండుటెండలో ఒకలా కాలేది. 5 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వెళ్తే వేగం సెకనుకు 25 మీటర్లు పెరిగింది. బారెల్‌ను తిట్టుకున్నాం పాపం!

బారెల్ గురించి చాలా రాయొచ్చు గానీ రెండు ముక్కలు చాలు. వంగకుండా నిలబడే గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల నుంచి 26కు లావు చేస్తే గట్టిదనం దాదాపు రెట్టింపు, బరువు మాత్రం 40 శాతం పైగా పెరుగుతుంది. పొడవు పెరిగే కొద్దీ ఈ లాభం హరించుకుపోతుంది. రెండోది, గాడులు వేసే పద్ధతి ఉక్కులో ఒత్తిడి మిగులుస్తుంది, ముఖ్యంగా బటన్ అనే గట్టి ముక్కను గొట్టంలోంచి పోనిచ్చి నొక్కి వేస్తే. దాన్ని వేడిచేసి తీసేయాలి. ఒక లాట్ బారెళ్లలో ఆ పని సరిగా జరగలేదు. బారెల్ వేడెక్కే కొద్దీ బుల్లెట్లు కుడిపక్కకి పైకి నడుచుకుంటూ పోయేవి. ఐదో షాట్ తర్వాత బయటపడే జబ్బు అది, మూడు షాట్లతో పరీక్షించే మాకు ఎలా కనపడుతుంది?

ఇంకో అవమానం కూడా చెప్పేస్తాను. ఒక నమూనాలో గ్రూపులు రెండుగా చీలిపోయేవి, పైన ఒక గుంపు, కింద ఒక గుంపు. రెండు బారెళ్లు మార్చాం. మా వర్క్‌షాప్‌లో పెద్దాయన ఒకరు వచ్చి, టెలిస్కోప్ బేస్ స్క్రూ తల మీద, బేస్ మీద కలిపి సన్నగా పెయింట్ గీత గీశారు. మర్నాడు ఇరవై షాట్లయ్యాక చూస్తే గీత విరిగి ఉంది. స్క్రూ తిరుగుతోంది! ఆ రోజు నుంచి బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్ లేకుండా ఎవరినీ రైఫిల్ దగ్గరికి రానివ్వలేదు. ప్రతి స్క్రూ మీదా గీత ఉండాల్సిందే.

స్టాక్ చివర్లో చూసుకోండి. కర్ర తేమకు ఉబ్బుతుంది, గురి జరుగుతుంది. 1980ల్లో బ్రిటిష్ సైన్యం ఎల్96ఏ1 రైఫిల్ తీసుకునేటప్పటికే లోపల అల్యూమినియం ఛాసిస్, బయట ప్లాస్టిక్ అనే దారి పడిపోయింది. ఆ రైఫిల్ చేసిన కంపెనీ స్థాపకుల్లో ఒకరైన మాల్కమ్ కూపర్ 1984, 1988 ఒలింపిక్స్‌లో రైఫిల్ షూటింగ్‌లో స్వర్ణాలు గెలిచిన మనిషి. కాల్చేవాడికి ఏం కావాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీ టీమ్‌లో అలాంటి షూటర్ ఒకరు మొదటి రోజు నుంచీ ఉన్నారా? డిజైన్ అయిపోయాక పిలిచి చూపించడం వేరు.

ట్రిగ్గర్ విషయంలో మాత్రం షూటర్ల మాట పూర్తిగా వినకండి. తేలిగ్గా ఉండాలని అడుగుతూనే ఉంటారు. ట్రిగ్గర్ నొక్కడానికి కావాల్సిన కనిష్ఠ బలాన్ని మేం తగ్గించిన ఒక నమూనాలో డమ్మీ తూటా పెట్టి బోల్ట్‌ను గట్టిగా తోస్తే ట్రిగ్గర్ ముట్టకుండానే తూటాను పేల్చే పిన్ పడింది. నిజం తూటా అయి ఉంటే? అప్పటినుంచి కిందపడేసే పరీక్ష, బోల్ట్ కొట్టే పరీక్ష దాటని ట్రిగ్గర్‌ను రేంజ్‌కు తీసుకెళ్లలేదు. ప్రూఫ్ టెస్ట్ ఎలాగూ ఉంటుంది. యూరప్‌లో సీఐపీ (ఆయుధాల భద్రతా పరీక్షలు చూసే అంతర్జాతీయ సంస్థ) నిబంధనల ప్రకారం అనుమతించిన గరిష్ఠ పీడనం కన్నా 25 శాతం ఎక్కువతో కాల్చి చూస్తారు. దాన్ని చివర్లో జరిగే తంతుగా చూడకుండా యాక్షన్ లెక్కల్లోనే పెట్టుకోండి.

మా నమూనా చివరికి 0.8 ఎంఓఏ దగ్గర నిలకడగా కుదిరింది, పది షాట్లతో. బాగుందనుకుని పన్నెండు రైఫిళ్ల చిన్న లాట్ చేశాం. మూడు 1.3 దాటాయి. నమూనాకు ఛాంబర్ (బారెల్‌లో తూటా కూర్చునే చోటు) కోసింది మా వర్క్‌షాప్‌లో చెయ్యి తిరిగిన మనిషి. లాట్‌కు కోసింది మెషీన్, అదీ అరిగిన రీమర్‌తో (రంధ్రం కోసే పనిముట్టు). ఛాంబర్ మధ్యగీత, బారెల్ మధ్యగీత కలవలేదు. డ్రాయింగ్‌లో ఆ టాలరెన్స్ రాయనే లేదు, ఎందుకంటే ఆ మనిషికి రాయక్కర్లేదు. పరీక్షలో గెలిచినంత మాత్రాన సరిపోదన్నది కొత్త కథ కాదు. 1857 పరీక్షల్లో ఇంగ్లండ్ ఇంజినీర్ జోసెఫ్ విట్‌వర్త్ చేసిన ఆరుపలకల గొట్టం రైఫిల్, అప్పటి బ్రిటిష్ సైన్యపు ఎన్‌ఫీల్డ్‌ను దూరంలో చిత్తుగా ఓడించింది. 1860లో వింబుల్డన్‌లో జరిగిన రైఫిల్ పోటీల్లో విక్టోరియా రాణి తొలి షాట్ కాల్చింది కూడా దానితోనే. అయినా సైన్యం తీసుకోలేదు. సన్నని గొట్టం మందు మసితో త్వరగా పూడుకుపోయేది, ధర ఎన్‌ఫీల్డ్‌కు దాదాపు నాలుగింతలు.

అందుకని మీ పెద్దలతో మాట్లాడి ఆ టార్గెట్ వాక్యాన్నే మార్పించండి. "ఒక నమూనా, సగం ఎంఓఏ" బదులు "వరసగా తీసిన ఏ పది రైఫిళ్లయినా, చల్లటి బారెల్‌తో కాల్చిన మొదటి షాట్ సహా, పది షాట్లలో ఇంత" అని. వాళ్లు ఒప్పుకునే అంకె చూసి మీకు నిరాశ కలగొచ్చు. ఫర్వాలేదు, అది నిజమైన అంకె. ఏ బుల్లెట్ అనుకుంటున్నారో, రైఫిల్ మొత్తం బరువుకు పరిమితి ఎంత ఇచ్చారో ఇక్కడే రాయండి. ట్విస్ట్ (గాడుల మెలి) లెక్క, బారెల్ లావు అక్కడినుంచి చూద్దాం.