పాఠకుల ప్రశ్నలు: అర్థం కాని కాగితం మీద సంతకం

ప్రశ్న: మా అత్తగారికి పిత్తాశయంలో రాళ్లున్నాయని బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాము. చిన్న రంధ్రాలు పెట్టి తీస్తామన్నారు. ఇంగ్లీషు, ఒడియా అక్షరాలున్న కాగితం మీద మా వారి చేత సంతకం చేయించుకున్నారు. తీరా చూస్తే పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. అత్తగారికి చదవడం వచ్చింది తెలుగు ఒక్కటే. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఇది తప్పు కాదా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. లాప్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా, మొదలుపెట్టిన పిత్తాశయం ఆపరేషన్‌ను మధ్యలో పొట్ట కోసి పూర్తి చేయవలసి రావడం సర్జన్లందరికీ తెలిసిన విషయమే. లోపలి భాగాలు వాచి ఒకదానికొకటి అతుక్కుపోయినప్పుడు, రక్తస్రావం ఆగనప్పుడు, పిత్తనాళం తెగకుండా కాపాడడానికి ఆ నిర్ణయం తీసుకుంటారు. కాబట్టి పొట్ట కోసినంత మాత్రాన నిర్లక్ష్యం జరిగిందని నేను అనలేను. అయితే అలా కోయవలసి రావచ్చునని ముందుగానే, మీ అత్తగారికే, ఆమెకు తెలిసిన భాషలో చెప్పి ఉండవలసింది. అది చెప్పకపోవడం ముమ్మాటికీ తప్పే.

2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. పరీక్ష కోసం లాప్రోస్కోపీకి మాత్రమే ఒప్పుకున్న 44 ఏళ్ల మహిళకు, ఆమె మత్తులో ఉండగా తల్లి చేత ఒప్పించుకుని గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మెలకువ వచ్చాక తన సంగతి తానే నిర్ణయించుకోగల వ్యక్తి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని కోర్టు చెప్పింది. చేయబోయే చికిత్స ఏమిటి, ఎందుకు, దానివల్ల మేలెంత, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి తెలిపిన తరువాతే సమ్మతి తీసుకోవాలని కూడా అదే తీర్పులో ఉంది. ఆ లెక్కన స్పృహలో ఉండి, మంచీచెడూ ఆలోచించుకోగల మీ అత్తగారి బదులు కొడుకు పెట్టిన సంతకం సరిపోదు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం వేరు. అప్పుడు కాగితాల కోసం చికిత్స ఆపకూడదని, సర్కారీ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం నిలబెట్టాలని 1989లో పరమానంద్ కటారా కేసులోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

భాష గురించి ఇంకొక మాట చెప్పాలి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది గాని, ఇళ్లలో తెలుగు పోలేదు. ఒకసారి ఒక వార్డులో నా కళ్లెదుటే ఆయా ఒక ముసలమ్మ బొటనవేలు పట్టుకుని, ‘పెద్దమ్మా, రాళ్లు తీస్తారట, ఇక్కడ వేలిముద్ర వెయ్యి’ అంది. మూడు పేజీల కాగితానికి ఆ ఒక్క వాక్యమే అనువాదం! ఆయమ్మను నేను తప్పుపట్టను. ఆ పని ఆమెది కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం, రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యే స్థాయిలో వివరాలు చెప్పాలంటోంది. చెప్పవలసిన బాధ్యత వైద్యులది. తెలుగు తెలిసిన వారిని పక్కన పెట్టుకుని చెప్పించినా, చెప్పిన వారి పేరు కేసుషీటులో రాయడం మంచిది.

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వారు మా నాన్నగారి కేసుషీటు నకలు ఇవ్వడం లేదు. రాయగడ నుంచి అన్నిసార్లు తిరగలేము. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం, చేర్చుకున్న రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి గాని, ఆయన అధికారం ఇచ్చిన వారు గాని అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. కాబట్టి నోటిమాటగా అడగకండి. మీ నాన్నగారి సంతకంతో స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచుకోండి. అయినా ఇవ్వకపోతే, ఆ వైద్యుడు ఆంధ్రప్రదేశ్‌లో నమోదై ఉంటే అక్కడి మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు రాయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకునే వీలుంది కనుక, మీరు రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. 2 ఏళ్ల గడువు దాటనివ్వకండి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారీ ఆసుపత్రులకు మాత్రం ఈ చట్టం వర్తించదు.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. మా వార్డులో ఎవరైనా చేరితే ఊరివాళ్లు, చుట్టాలు నన్ను పక్కకు పిలిచి జబ్బేమిటని అడుగుతారు. చెప్పకపోతే పొగరంటున్నారు.
– ఒక సోదరి, గుణుపురం

జవాబు: అమ్మా, మీరు నోరు మెదపకపోవడమే సరైన పని. హెచ్‌ఐవి విషయంలో 2017 చట్టం మరీ కఠినంగా ఉంది. చికిత్స చేసే సిబ్బందికి అవసరమైనంత వరకు తెలపడం, కోర్టు ఉత్తర్వు వంటి కొద్ది సందర్భాలలో తప్ప, ఆ వ్యక్తి సమ్మతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు. జీవిత భాగస్వామికి తెలపవలసి వస్తే ఆ పని వైద్యులో కౌన్సెలరో చట్టం చెప్పిన పద్ధతిలో చేస్తారు. మీరు భుజాన వేసుకోవద్దు. క్షయ సోకిన వారి వివరాలు ప్రభుత్వానికి తెలపడం 2012 నుంచి తప్పనిసరే, కాని ప్రభుత్వానికి తెలపడం వేరు, పక్కింటి వారికి చెప్పడం వేరు. మంచం దగ్గర కేసుషీటు పైకి చదవడం, జబ్బు పేరుతో రోగిని పిలవడం కూడా మానిపించండి. అడిగిన వారితో ‘ఆ సంగతి ఆయన్నే అడగండి బాబూ, నేను చెప్పకూడదు’ అనండి. అప్పటికీ వదలకపోతే డ్యూటీ డాక్టరు దగ్గరికి పంపండి. వారు కూడా రోగిని అడగకుండా చెప్పడానికి లేదు.