ముగ్గురికి ఒకే మీటరు ఉన్నచోట పొదుపు పాఠాలు ఎందుకు?

పేద కుటుంబాలు కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి మనం ఏ విధంగా సాయపడగలమని మీరు అడిగారు. ఫ్యాను ఆపండి, ఛార్జరు పీకండి అన్న హితబోధ మానుకొని, వారి మీటరు ఎక్కడ ఉన్నదో, దానికి ఏయే వైర్లు తగిలించి ఉన్నాయో వెళ్ళి చూడటమే అన్నింటికన్నా పెద్ద సాయమని నా అభిప్రాయం. ఖాళీగా గుచ్చి ఉంచిన ఛార్జరు నెలంతా ఉన్నా పెద్దగా ఖర్చు కాదు; అయినా ఆ సలహా చెప్పని మనిషి లేడు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ విజయవాడ చిట్టినగర్ వైపు కొండవాలు మీద ఒక గదిలో అద్దెకు ఉంటుంది. ఒక మే నెలలో ఆమె చేతిలో చీటీ పట్టుకొని వచ్చి, "రెండు బల్బులు, ఫ్యాను, టీవీ అండి మాష్టారూ, ఆరు వందల నలభై ఇమ్మంటున్నాడు ఓనరు" అని వాపోయింది. ఆ సాయంత్రమే బయలుదేరి, ఎండకు కాలి ఇంకా సెగలు కక్కుతున్న మెట్లన్నీ ఎక్కి, రెండుచోట్ల కూర్చొని ఆయాసం తీర్చుకొని, చివరకు వారి గడప చేరాను. మెట్ల కింద పెద్ద మీటరు ఒకటి, దాని పక్కన అద్దెకున్న రెండు కుటుంబాలకు రెండు సబ్ మీటర్లు ఉన్నాయి. ఆమె గదిలో స్విచ్చులన్నీ ఆపించి నేను మీటరు దగ్గర నిలబడ్డాను. గదిలో చీకటి, ఫ్యాను ఆగింది, కానీ ఆమె మీటరు మీది ఎర్ర దీపం టపటపా కొట్టుకుంటూనే ఉన్నది. పైన నీళ్ళ ట్యాంకు నిండుతున్న చప్పుడు విన్న తరువాత గానీ నాకు సంగతి బోధపడలేదు: ఇంటి యజమాని నీళ్ళ మోటారు ఆమె సబ్ మీటరు మీదుగా నడుస్తున్నది!

ఒక హార్స్‌పవర్ మోటారు రోజుకు గంట నడిస్తే నెలకు 22 యూనిట్లకు తక్కువ కాదు. యజమాని యూనిట్‌కు 8 రూపాయలు వసూలు చేస్తాడు (640 రూపాయలంటే 80 యూనిట్లు) కనుక, మూడిళ్ళ నీళ్ళకు ఆమె ఒక్కతే 176 రూపాయలు కట్టినట్లయింది.

అసలు నష్టం ఇంకొకచోట ఉన్నది. మీటరు మీద వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. 2022 నాటి స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, ఆపైన 400 వరకు రూ.8.75. మూడు కుటుంబాలు తలా 80 యూనిట్లు వేరు వేరు మీటర్ల మీద వాడితే ఒక్కొక్కరికి రూ.214.50, ముగ్గురికి కలిపి రూ.643.50 అవుతుంది. అవే 240 యూనిట్లు ఒక్క మీటరు మీద పడితే రూ.1,148.25. యజమాని మాత్రం ఇద్దరు అద్దెవారి దగ్గరే 1,280 రూపాయలు తీసుకుంటాడు; ఇతర చార్జీలు కలుపుకున్నా ఆయన ఇంటి కరెంటు దాదాపు ఉచితమే. మోటారు తీసేస్తే ఆమె సొంత వాడకం 58 యూనిట్లు, అంటే సొంత మీటరు మీద రూ.141. ఇంత తేడాను ఏ ఎల్ఈడీ బల్బు పూడుస్తుంది?

పాత ఏళ్ళ ఖర్చుల లోటును తరువాతి బిల్లుల్లో కలిపి రాబట్టే సర్దుబాటు (ట్రూ-అప్) చార్జీల సంగతి ఎత్తకపోతే నాకు నిద్ర పట్టదు. 2014–19 మధ్య వాడకానికి 2022 నుంచి వసూలు చేసినప్పుడు, నాడు వాడినవారు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోగా, ఆ భారం నేడు అదే గదిలో అద్దెకున్నవారి నెత్తిన పడింది. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో నెలకు 200 యూనిట్ల ఉచిత విద్యుత్ ఉన్నదని గొప్పగా చెబుతారు గానీ, తన పేరున మీటరే లేని అద్దె మనిషికి అది ఎక్కడ అందుతుంది?

ఆ రాత్రి యజమానితో అరగంట వాదించాను. మోటారు వైరు మార్పించడానికి ఆయన ఒప్పుకున్నాడు, మరునాడు మార్పించాడు కూడా. 8 రూపాయల మాట ఎత్తితే మాత్రం, "ఇక్కడ అందరూ తీసుకునేది అంతేనండీ" అన్నాడు. వేరే మీటరుకు దరఖాస్తు నేనే రాసిపెడతానన్నాను. దానికి ఇంటి పన్ను రసీదు కావాలి, అది వాళ్ళ అన్నగారి పేరున ఉన్నదట, అన్నగారు గుంటూరులో ఉంటారట. దసరాకు వచ్చినప్పుడు అడుగుతానన్నాడు.