ఉమ్మనీటిలో ఉమ్మ ఏమిటి?

సందేహం: మా మనవడు ఒక్క కిడ్నీతో పుట్టాడు. మాకిచ్చిన కరపత్రంలో ‘వంశపారంపర్య మూత్రపిండ లోపం’ అని ఉంది. ఎవరి వంశమని ఇంట్లో రెండు వైపులా మాటలు పెరిగాయి. పుట్టుకతో వచ్చినదీ వంశపారంపర్యమూ ఒకటేనా? కాన్పుకు ముందు డాక్టరమ్మ ‘ఉమ్మనీరు సరిపడా ఉంది, టెన్షన్ పడకండి’ అన్నారు. ఆ ఉమ్మ ఏమిటి? – ఒక నాయనమ్మ, తెనాలి

సమాధానం: ఒకటి కాదమ్మా. బిడ్డ భూమ్మీద పడేనాటికే ఉన్నది పుట్టుకతో వచ్చినది. తరం నుంచి తరానికి దిగేది వంశపారంపర్యం. కిడ్నీల నిండా నీటితిత్తులు వచ్చే జబ్బు ఒకటుంది. దాంట్లో పెద్దవాళ్లలో కనబడే రకం తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది, చాలామందిలో ముప్పై దాటాకే బయటపడుతుంది. అది వంశానిది, కానీ పుట్టిననాడు కనబడదు. ఒంటి కిడ్నీ పుట్టిననాటిదే, చాలా ఇళ్లలో వంశంతో పనిలేదు. కొన్ని ఇళ్లలో ఉండొచ్చు, అది నిఘంటువు తేల్చేది కాదు. కరపత్రాలు రాసేవాళ్లకు ‘జన్మ’కూ ‘జన్యు’కూ తేడా అక్కర్లేకపోతే ఎలా?

ఇక నాకిష్టమైన మాటకొస్తాను. అన్నం వార్చి, మూతపెట్టి, సెగ మీద కాసేపు ఉంచితే మెతుకు తన ఆవిరికి తానే మెత్తబడుతుంది. దాన్ని ఉమ్మగిల్లడం అంటాం. ఆ ఉమ్మే ఇది. సంస్కృత ఊష్మానికి, అంటే వేడికి, ఇది వికృతి అని నా నమ్మకం. గ్రీష్మం ప్రాకృతంలో గిమ్హ అయినట్టే ఊష్మ ఉమ్హ అయింది, మన నోట ఉమ్మ అయింది. శషసహలను ఊష్మాలనడంలోనూ ఆ వేడి ఊపిరే ఉంది. అచ్చంగా దేశ్యమే అనేవారుంటే పోట్లాడను. ఉమ్మికీ దీనికీ చుట్టరికం లేదు.

పోతన భాగవతం మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి గర్భంలో బిడ్డ పెరిగే తీరు చెబుతాడు. మొదటి రాత్రికి ఎలా ఉంటుంది, అయిదో రాత్రికి బుడగ, పదోనాటికి రేగుపండంత, ఇలా లెక్కగా. ఆ బిడ్డ చుట్టూ ఉండే గోరువెచ్చని నీటికి ఉమ్మనీరు కంటే మంచి పేరు నాకు తోచదు. అయిదో నెల వచ్చేసరికి అందులో ఎక్కువ భాగం బిడ్డ పోసిన మూత్రమే. బిడ్డ దాన్నే మింగుతుంది, ఊపిరితిత్తుల్లోకి పీల్చి వదులుతుంది. రెండు కిడ్నీలూ లేకపోతే నీరు ఊరదు, ఊపిరితిత్తులు ఎదగవు, ఇరుకులో ముక్కు అణిగిపోతుంది, కాళ్లు వంకరపోతాయి. పుట్టగానే ఊపిరి అందదు. 1946లో ఈడిత్ పాటర్ అనే అమెరికా డాక్టరమ్మ ఈ బిడ్డల పోలికలను వివరంగా రాసింది. మీవాడి ఒక్క కిడ్నీ ఆ నీటిని నింపింది కనుకే డాక్టరమ్మ ఆ మాట అన్నారు.

పాఠ్యపుస్తకాలు దీన్ని ఉల్బద్రవం అంటాయి. పరీక్ష రాసే పిల్లలు అలాగే రాసుకోనీండి, లేదంటే మార్కులు పోతాయి. టీవీల్లో ‘ఆమ్నియాటిక్ ఫ్లూయిడ్’ అనేవాళ్లకు ఆ సాకు కూడా లేదు.

కరపత్రంలో ‘వంశపారంపర్య’ అన్నచోట డాక్టరమ్మనే అడిగి, ఆవిడ సరేనంటే కొట్టేసి, ‘పుట్టుకతో వచ్చిన’ అని రాయించి వియ్యంకులకు చూపించండి.