తెల్ల రక్తకణాల చావు మీద పీహెచ్‌డీ చేస్తే ఉపయోగం ఉంటుందా?

గుంటూరులో ఎమ్మెస్సీ చేస్తున్నాను, రోగనిరోధక కణాలు ఎలా చనిపోతాయన్న దాని మీద పీహెచ్‌డీ చేస్తే ఉపయోగమేనా అని అడిగారు. కచ్చితంగా ఉపయోగమే. నేను చేస్తున్నది అదే, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల మీద.

మన ఎముక మజ్జలో రోజుకు సుమారు 10 వేల కోట్ల న్యూట్రోఫిల్స్ పుడతాయి, ఇంచుమించు అన్నే పోతాయి కూడా. పద్ధతిగా అపాప్టోసిస్‌తో, అంటే కణం తనను తానే చంపుకునే పద్ధతిలో పోతే, మాక్రోఫేజ్‌లు అనే చెత్త ఊడ్చే కణాలు వాటిని గుట్టుగా మింగేస్తాయి. అలా కాకుండా పగిలిపోతే లోపలి ఎంజైములు బయటపడి మన కండనే తినేస్తాయి. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా అదుపు తప్పి అవయవాలు దెబ్బతినే సెప్సిస్ వచ్చినవాళ్లలో ఈ కణాలు చావాల్సిన టైముకి చావవు, ఊపిరితిత్తులు దెబ్బతినడంలో వాటి పాత్ర చాలా ఉంది. అందుకే టీవీలో ఇమ్యూనిటీ పెంచే పొడుల ప్రకటన వస్తే నాకు ఒళ్లు మండిపోతుంది, పెరగడమొక్కటే మంచిదని వీళ్లకి ఎవరు చెప్పారు?

మొన్న మే నెలలో జరిగింది చెప్తాను. న్యూట్రోఫిల్స్‌ని రాత్రంతా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందులో ఉంచాను. ఎన్ని కణాలు బతికున్నాయో లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ మెషిన్ మా దగ్గర లేదు, విజయవాడ తీసుకెళ్లాలి. ట్యూబులు ఐస్ బాక్సులో పెట్టుకుని బయల్దేరితే వారధి దగ్గర లారీ ఆగిపోయి ట్రాఫిక్ మొత్తం నిలిచిపోయింది, బయట ఎండ, ఒళ్లో డబ్బా, కణాలు ఎక్కడ పాడైపోతాయోనని నాకు ఒకటే టెన్షన్. తీరా వెళ్తే మీ స్లాట్ అయిపోయింది, భోజనాలయ్యాక రండి అన్నారు. అన్నా, ఇవి అంతసేపు ఆగవు అని బతిమాలి, అక్కడే చస్తున్న కణాలకు అంటుకునే అనెక్సిన్, చచ్చిన కణాల్లోకి దూరే ప్రొపిడియం అయోడైడ్ రంగు కలిపి మెషిన్‌లో పెట్టించాను. మందు లేని ట్యూబులో చాలా కణాలు అనెక్సిన్ పట్టుకుని గ్రాఫ్‌లో కుడివైపుకి, అంటే చావు వైపుకి జరిగిపోయాయి, డెక్సా వేసిన వాటిలో ఎక్కువ భాగం ఇంకా ఎడమవైపే, అంటే బతికే ఉన్నాయి! ఇదే రకం స్టెరాయిడ్లు ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఉండే లేత లింఫోసైట్లను (ఇంకో రకం తెల్ల రక్తకణాలు) చంపేస్తాయని 1980లోనే వైలీ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఒకే మందు, ఒక కణాన్ని చంపి ఇంకోదాన్ని బతికిస్తుంది. స్టెరాయిడ్ వాడేవాళ్ల బ్లడ్ రిపోర్టులో న్యూట్రోఫిల్స్ పెరగడానికి ఇదీ ఒక కారణం. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ గ్రాఫ్ చూసినప్పుడు కలిగిన ఆనందం వేరు.

ఇంకోమాట, జుర్కాట్ లాంటి సెల్ లైన్లతోనే, అంటే ల్యాబులో ఏళ్ల తరబడి పెంచుతూ వచ్చే కణాలతోనే థీసిస్ మొత్తం నడిపిద్దామంటే ఒప్పుకోవద్దు. అవి క్యాన్సర్ కణాలు, చావును తప్పించుకోవడమే వాటి గుణం. తాజా రక్తంతో పని కష్టమే, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఇచ్చేవాళ్లు దొరకాలి, ఒక్కరోజులో పని తెమలాలి. అయినా నిజం అక్కడే తెలుస్తుంది.

చేరే ముందు గైడ్‌ని మాత్రం మొహమాటం లేకుండా అడగండి, మెషిన్ ఎక్కడుంది, కిట్లకి డబ్బు ఎవరిస్తారు అని. కిట్ చల్లగా రావాలి, మాకు ఒకసారి ఐస్ మొత్తం కరిగిపోయాక వచ్చింది, తిరిగి తీసుకోమంటే ఆ డీలర్ ఫోన్ ఎత్తలేదు.