లెక్కల ముచ్చట: పాస్‌బుక్కులో చుక్క వేరు, లెక్కల్లో చుక్క వేరు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే పాఠం మీద ఉన్నాయి. తొమ్మిదిలోనూ పదిలోనూ వాస్తవ సంఖ్యలే మొదటి పాఠం కాబట్టి బడి తెరిచిన నెలకే ఇళ్ళల్లో టెన్షన్ మొదలైనట్టుంది. ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అడిగిన ఉత్తరాలను పక్కన పెట్టి ఐదింటిని తీసుకున్నాను.

ప్రశ్న: నమస్తే మేడం. మాది నర్సంపేట దగ్గర పల్లె, వ్యవసాయం. మా చిన్నోడు తొమ్మిది చదువుతున్నాడు. 0.5, 0.45, 0.405 వీటిని ఆరోహణ క్రమంలో రాయమంటే ఇదే వరుసలో రాసి వచ్చాడు, మార్కులు రాలేదు. నేను చూస్తే వాడు రాసింది కరెక్టే అనిపించింది. మా పాస్‌బుక్కులో 1.05 అంటే ఎకరం ఐదు గుంటలు, 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు. చుక్క తర్వాత పెద్ద అంకె ఉంటే భూమి ఎక్కువున్నట్టే కదా. మరి 5 కంటే 45, 45 కంటే 405 పెద్దవి కావా?

జవాబు: అన్నా, మీ లెక్కలో తప్పు లేదు, మీరు చూస్తున్న చుక్కే వేరు. పాస్‌బుక్కులో ఆ చుక్క ఉత్త అడ్డుగోడ. దానికి ఎడమ పక్క ఎకరాలు, కుడి పక్క గుంటలు, రెండు వేర్వేరు కొలతలను ఒకే గడిలో ఇరికించి రాశారు, అంతే. ఎకరానికి 40 గుంటలు కాబట్టి 1.39కి ఒక్క గుంట కలిపితే 1.40 అని రాయరు, అది 2.00 అయిపోతుంది. మీ 1.20 నిజానికి ఎకరంన్నర, దాన్నే లెక్కల పుస్తకంలో 1.5 అంటారు. 1.30 అంటే ఎకరం ముప్పై గుంటలు, లెక్కల్లో 1.75. ఎవరన్నా ఎకరంన్నర అనే అర్థంతో 1.5 అని కాగితం మీద రాస్తే, చదివేవాళ్ళు దాన్ని ఎకరం ఐదు గుంటలు అనుకుంటే పదిహేను గుంటలు గాలికి పోయినట్టే. మా అత్తగారి ఊళ్ళో అన్నదమ్ముల మధ్య ఇట్లాంటి తకరారు ఒకటి పెద్దమనుషుల దాకా పోయింది, తీరా చూస్తే తగాదా అంతా చుక్క దగ్గరే.

మీ అబ్బాయికి క్రికెట్ ఇష్టమైతే ఇంకా తొందరగా ఎక్కుతుంది. టీవీలో 19.5 ఓవర్లు అని వేస్తారు కదా, ఆ తర్వాత ఒక్క బంతి పడితే 20 ఓవర్లు. అంటే 19.5కూ 20కీ మధ్య తేడా సగం ఓవరు కాదు, ఒక్క బంతే. అక్కడా చుక్క అడ్డుగోడే.

దశాంశంలో చుక్క పని వేరు. దాని తర్వాత మొదటి చోటు పదో వంతులది, రెండోది నూరో వంతులది, మూడోది వెయ్యో వంతులది. కుడికి పోయే కొద్దీ ఒక్కో చోటు విలువ పదింతలు పడిపోతుంది కాబట్టి అంకెలు ఎన్ని ఉన్నాయని కాదు, మొదటి చోట్లో ఏముందో ముందు చూడాలి. రూపాయి పెట్టి చూద్దాం. 0.5 రూపాయి అంటే 50 పైసలు. 0.45 అంటే 45 పైసలు. 0.405 అంటే 40 పైసల మీద అర పైసా. ఇప్పుడు వరుస మీరే చెప్తారు: 0.405, 0.45, 0.5. ఇంకా అనుమానం ఉంటే చివర సున్నాలు తగిలించి అన్నింటినీ మూడంకెలకు తెచ్చి 0.405, 0.450, 0.500 అని చూడమనండి, విలువ మారదు. ఈ కిటుకు పాస్‌బుక్కు మీద మాత్రం ప్రయోగించొద్దు, అక్కడ 1.5ను 1.50 చేస్తే ఎకరం యాభై గుంటలు అవుతుంది!

ఇంట్లో కొలత టేపు ఉంటే అది కూడా ముందు పెట్టండి. టేపు అంటే సంఖ్యారేఖే. 0.405 మీటరు అంటే 40 సెంటీమీటర్ల 5 మిల్లీమీటర్లు, 0.45 అంటే 45 సెంటీమీటర్లు, 0.5 అంటే 50. మూడు చోట్లా పెన్నుతో గీత పెట్టమనండి. ఎడమ పక్క ఉన్నది చిన్నది, కుడి పక్క ఉన్నది పెద్దది, సంఖ్యారేఖ మీద ఉన్న రూలు ఇదొక్కటే. ఒక మాట మాత్రం అనాలి, ఆ పేపరు దిద్దినవాళ్ళు ఎందుకిట్లా రాశావని ఒక్కసారి అడిగి ఉంటే పిల్లవాడి బుర్రలో ఏ చుక్క ఉందో అప్పుడే బయటపడేది.

ప్రశ్న: మేడం, నేను భూపాలపల్లిలో పదో తరగతి చదువుతున్నాను. √5, 9/4, −√10, 2.2, −7/2 వీటిని సంఖ్యారేఖ మీద వరుసగా పెట్టమన్నారు. కాలిక్యులేటర్ వాడొద్దన్నారు. ఋణ సంఖ్యల దగ్గరికొచ్చేసరికి నాకు అంతా తలకిందులైపోతుంది.

జవాబు: తలకిందులు కావడమే అక్కడ కరెక్టు బిడ్డా. నువ్వు రాసిన మాటలోనే జవాబుంది చూడు: ఋణం అంటే అప్పు, ధనం అంటే చేతిలో ఉన్న సొమ్ము. ఇవి ఎవరో మొన్న పెట్టిన పేర్లు కావు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ధనం, ఋణం, శూన్యం వీటి మధ్య కూడికలు, తీసివేతలు ఎట్లా చేయాలో రూల్స్ రాసి పెట్టాడు, ఆ మాటలే నీ పుస్తకం దాకా వచ్చాయి. ఏడు వేల అప్పున్నవాడికి, మూడు వేల అప్పున్నవాడికి మధ్య ఎవరి పరిస్థితి దిగువన ఉంది? −7 అనేది −3కి ఎడమ పక్కన ఉంటుంది. మీ ఊరిదే చెప్పాలంటే, నేల మట్టాన్ని సున్నా అనుకో, బొగ్గు గనిలో 250 మీటర్ల లోతు 100 మీటర్ల లోతుకంటే కిందే కదా, అంటే −250 < −100.

ఇక నీ లెక్క. ముందు గుర్తు చూసి వాటిని రెండు గుంపులు చెయ్, సున్నాకు ఎడమ పక్క −√10, −7/2, కుడి పక్క మిగతా మూడు. కుడి గుంపులో అన్నీ ధన సంఖ్యలే కాబట్టి వర్గాలు చేసి పోల్చొచ్చు, దానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు. 2.2 వర్గం 4.84. √5 వర్గం 5. 9/4 వర్గం 81/16, అంటే 5కు 80/16 కావాలి, ఇది దానికంటే కొంచెం ఎక్కువ, 5.0625. కాబట్టి 2.2, √5, 9/4. ఎడమ గుంపులో గుర్తు తీసేసి చూస్తే √10 వర్గం 10, 7/2 వర్గం 12.25. గుర్తు లేకుండా 7/2 పెద్దది, గుర్తు పెట్టగానే అదే ఎక్కువ అప్పు, ఇంకా ఎడమకు పోతుంది. మొత్తం వరుస: −7/2, −√10, 2.2, √5, 9/4.

సున్నా దగ్గర అద్దం నిలబెట్టినట్టు ఊహించుకుంటే ఈ తిరగబడడం కళ్ళకు కనిపిస్తుంది. ఋణ సంఖ్యలను నేరుగా వర్గం చేసి, వచ్చిన వరుసే అసలు వరుస అనుకోవద్దు, ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది అక్కడే.

ప్రశ్న: హనుమకొండలో గది తీసుకుని టీచర్ పోస్టుకు ప్రిపేర్ అవుతున్నాను. √2 విలువ 1.41421356... ఇట్లా ఎప్పటికీ అయిపోదంటారు. అయిపోని సంఖ్యకు గీత మీద స్థిరమైన చుక్క ఎట్లా ఉంటుంది? అది ముందుకు జరుగుతూనే ఉండాలి కదా. రేపు పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: మంచి ప్రశ్న, దీన్ని అడగకుండానే డిగ్రీ పూర్తిచేసినవాళ్ళు బోలెడుమంది, నేనూ అందులో ఉన్నాను.

అయిపోనిది సంఖ్య కాదు తమ్ముడూ, మనం దాన్ని పదుల్లో రాసే పద్ధతి. 1/3ను దశాంశంగా రాస్తే 0.333... అనుకుంటూ ఎప్పటికీ అయిపోదు, కానీ ఒక రొట్టెను ముగ్గురికి పంచితే ఎవరి వాటా జరుగుతూ పోతుందని ఎవరూ అనరు. √2 కూడా అంతే, పేరు పొడుగు, చోటు ఒక్కటే. ఆ చోటును పిల్లలకు చూపించడం తేలిక. గీత మీద 0 నుంచి 1 దాకా ఒక యూనిట్, 1 దగ్గర లంబంగా పైకి ఇంకో యూనిట్. ఆ కొసను 0తో కలిపితే వచ్చే కర్ణం పొడవు √2. వృత్తలేఖిని ముల్లు 0 మీద పెట్టి, ఆ పొడవుతో చాపం గీస్తే అది గీతను ఎక్కడ తాకుతుందో అక్కడే √2, రేపు చూసినా అక్కడే ఉంటుంది. క్లాసులో చదరపు టైల్స్ ఉంటే ఇంకా మంచిది, అడుగు టైలుకు మూల నుంచి మూలకు దారం పట్టి, ఆ దారాన్ని స్కేలు పక్కన పెట్టమనండి.

దశాంశంగా దాన్ని పట్టుకోవాలంటే రెండు పక్కల నుంచి నొక్కుకుంటూ రావాలి. 1.4 వర్గం 1.96, తక్కువైంది. 1.5 వర్గం 2.25, ఎక్కువైంది. 1.41 వర్గం 1.9881, 1.42 వర్గం 2.0164. 1.414 వర్గం 1.999396, 1.415 వర్గం 2.002225. ప్రతిసారీ ఆ రెండు సంఖ్యల మధ్యనున్న ఇల్లు పదో వంతుకు ఇరుకవుతుంది, √2 మాత్రం లోపలే ఉంటుంది. జరుగుతున్నవి గోడలు.

భిన్నంగా ఎందుకు రాయలేమని కూడా అడుగుతారు. బౌధాయన శుల్బ సూత్రాలనే పాత గ్రంథంలో యజ్ఞవేదికల కొలతల కోసం √2కు ఇచ్చిన లెక్కను కలిపితే 577/408 వస్తుంది. 577 వర్గం 332929. 408 వర్గానికి రెట్టింపు 332928. ఒక్కటంటే ఒక్కటే తేడా! అంత దగ్గరికొచ్చినా అందలేదు, ఏ భిన్నానికీ అందదు కూడా. p/q వర్గం 2 అయితే p² = 2q² కావాలి. ఏ సంఖ్య వర్గాన్ని ప్రధాన కారణాంకాలుగా విడదీసినా అందులో 2 సరి సార్లే వస్తుంది (అస్సలు రాకపోతే సున్నా సార్లు, అదీ సరే). ఎడమ పక్క 2 సరి సార్లు ఉంటే కుడి పక్క ఒకటి అదనంగా కలిసి బేసి సార్లు అయింది. ఒకే సంఖ్యలో 2 సరి సార్లూ బేసి సార్లూ ఎట్లా ఉంటుంది? పదో తరగతి అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం (ఏ సంఖ్యనైనా ప్రధాన కారణాంకాలుగా ఒకే రకంగా విడదీయగలం అనేది) తెలిస్తే ఈ నాలుగు ముక్కలు చాలు.

భిన్నంగా రాయగలిగే అకరణీయ సంఖ్యలు గీత మీద ఎంత కిక్కిరిసి ఉంటాయంటే ఏ రెండు తీసుకున్నా మధ్యలో ఇంకోటి దూరుతుంది, అయినా √2 లాంటి చోట్ల సందులు మిగులుతాయి. 1872లో రిచర్డ్ డెడెకిండ్ అనే జర్మన్ గణితవేత్త ఈ సందులనే పట్టుకున్నాడు. వర్గం 2 కంటే తక్కువున్న ధన భిన్నాలను, వాటితోపాటు సున్నానూ ఋణ భిన్నాలన్నింటినీ ఒక పక్కకు, మిగతా భిన్నాలను ఇంకో పక్కకు నెట్టితే గీత రెండుగా తెగుతుంది, ఆ తెగిన చోటే √2 అన్నాడు. అన్ని సందులూ పూడిన గీతే వాస్తవ సంఖ్యల గీత.

ఇంకో చిన్న చిక్కు కూడా చెప్తాను, పాఠం చెప్పేటప్పుడు పనికొస్తుంది. ఇప్పుడు పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉంటున్నాయి. ఇంగ్లిష్‌లో రేషనల్ అన్నదానికి ముందు 'ఇర్' పెడితే √2 జాతి వస్తుంది. తెలుగులో 'అ' ఉన్నదేమో రేషనల్, 'అ' లేని కరణీయమే √2 జాతి. పిల్లలు కాదనే ముక్క రెండింట్లో ఒకే చోట ఉంటుందనుకుని తిప్పి రాస్తారు. మన పాత గణితంలో కరణి అంటే వర్గమూలం గుర్తు వదలని సంఖ్య, కరణి అక్కర్లేనిది అకరణీయం అని మొదటి రోజే చెప్పేయండి.

ప్రశ్న: జనగామ నుంచి రాస్తున్నాను. మా పాపకు π విలువ ఒకచోట 22/7 అని, ఒకచోట 3.14 అని చెప్పారు. 22/7 అకరణీయం కదా, మరి π కరణీయమెట్లా అవుతుంది?

జవాబు: అమ్మా, 22/7 అనేది π కాదు, π పక్కింట్లో ఉండే సంఖ్య. 3.14 కూడా అంతే, అది ఎడమ పక్క ఇల్లు. వరుసగా చూడండి: 3.14, తర్వాత π (3.14159...), ఆ తర్వాత 3.1416, దాని తర్వాత 22/7 (3.142857...), ఇంకా కుడికి √10 (3.162...). వీటిలో 3.1416 ఆర్యభటుడిది, 499 నాటి ఆర్యభటీయంలో వ్యాసం 20000 ఉంటే చుట్టుకొలత 62832 అని చెప్పి, ఇది 'ఆసన్న' అంటే దగ్గరి విలువ మాత్రమేనని మాట కూడా కలిపాడు. √10 బ్రహ్మగుప్తుడు వాడినది. π ఏ భిన్నానికీ లొంగదని 1761లో లాంబర్ట్ అనే గణితవేత్త నిరూపించాడు. ఇంటి లెక్కలకు 22/7తో వచ్చే నష్టమేమీ లేదు, 7 మీటర్ల వ్యాసమున్న వ్యవసాయ బావి చుట్టూ కొలిస్తే 22 మీటర్లని లెక్కకొస్తుంది, అసలుకూ దానికీ తేడా 9 మిల్లీమీటర్ల లోపే. పరీక్షలో '22/7 కరణీయ సంఖ్యా?' అని అడిగితే మాత్రం కాదనే రాయాలి.

ప్రశ్న: నేను ములుగులో ఏడో తరగతి. సున్నా పక్కనే ఉన్న సంఖ్య ఏది? నేను 0.001 అన్నాను, మా అన్న కాదన్నాడు.

జవాబు: మీ అన్నదే కరెక్టు బంగారూ. 0.001లో సగం 0.0005, అది సున్నాకు ఇంకా దగ్గర. అందులో సగం 0.00025. పూర్ణసంఖ్యలు మాత్రమే ఉన్న గీత మీద అయితే 0 పక్కన 1 అని చెప్పొచ్చు, బస్సు సీట్లలాగా. ఈ గీత మీద 'పక్క సీటు' అనేదే లేదు. మీ క్లాసులో ఎవరన్నా నాకు తెలుసంటే, వాళ్ళు చెప్పిన సంఖ్యను 2తో భాగించి వాళ్ళ ముందు పెట్టు.